నిరీక్షణలో చదవదగిన రెండు పూర్తయిన గాథలు

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఫాంటసీ నవలల గాథ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో అయిదో సంపుటం 2011లో వెలువడింది. ఆరో సంపుటం కోసం ఎదురుచూసేవారు ఈలోగా ముగింపు అందుబాటులో ఉన్న గాథను ఎంచుకోవడం మేలు. అలాంటివాటిలో రాబర్ట్ జోర్డాన్ ‘ది వీల్ ఆఫ్ టైమ్’, స్టీవెన్ ఎరిక్సన్ ‘మలజాన్ బుక్ ఆఫ్ ది ఫాలెన్’ ముఖ్యమైనవి.

1990లో మొదలైన జోర్డాన్ గాథ, పూర్వకథను మినహాయిస్తే, 14 సంపుటాలు. ఆయన 2007లో మరణించగా, ఆయన విడిచివెళ్లిన రాతల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడింటిని రాసి 2013లో ముగించారు. పల్లె విడిచి బయలుదేరిన యువకులతోపాటే పాఠకుడూ ఆ లోకాన్ని తెలుసుకుంటాడు కనుక ప్రవేశం సులభమే. నడిమి సంపుటాల్లో, ముఖ్యంగా పదోదానిలో, కథ బాగా మందగిస్తుంది.

1999 నుంచి 2011 వరకు 10 సంపుటాలుగా వచ్చిన ఎరిక్సన్ గాథ మొదటి పుటల నుంచే కష్టపెడుతుంది. ఏ వివరణా లేకుండా యుద్ధం మధ్యలో దింపుతుంది. పాత్రలు పరిచయమయ్యేలోపే రెండో సంపుటం మరో ఖండానికి తరలిపోతుంది. రచయిత పురావస్తు, మానవ శాస్త్రాలు అభ్యసించినవారు కావడంవల్ల కాబోలు, ఒకదానిపై ఒకటి పేరుకున్న నాగరికతల చరిత్ర ఇందులో అద్భుతంగా పలుకుతుంది. సామాన్య సైనికుల పట్ల ఆయన కరుణ నన్ను లోతుగా కదిలించింది.

మార్టిన్‌లో అధికారపు క్రూరత్వాన్ని, నైతిక సంక్లిష్టతను ఇష్టపడినవారికి నేను ఎరిక్సన్‌నే సూచిస్తాను. అయితే రెండో సంపుటం ముగిసేదాకా తీర్పు వాయిదా వేయాలి.