గేమ్ కవర్ ఆర్ట్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త: ఫుల్ పేమెంట్ కట్టి మేం మోసపోయిన తీరు ఇదీ

సొంతంగా గేమ్ తయారుచేసి స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) పెట్టబోతున్నారా? కవర్ ఆర్ట్ కోసం ఆన్‌లైన్‌లో ఎవరికైనా డబ్బు పంపేముందు దయచేసి ఇది చదవండి. మాకు 22,000 రూపాయలు పోయాయి. రెండు నెలల సమయం కూడా పోయింది, దాని బాధే ఎక్కువ.

మాది తిరుపతి. నేనూ మా తమ్ముడూ రెండున్నరేళ్ళుగా చంద్రగిరి కోట మీద ఒక స్ట్రాటజీ గేమ్ చేస్తున్నాం. ఎత్తులు, పైఎత్తులు అన్నీ మా నాయనమ్మ నేర్పిన పులిజూదం నుంచి తీసుకున్నవే. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది, మేకలు ఒకటొకటిగా దారులు మూసుకుంటూ వచ్చి పులిని కట్టేస్తాయి. మా ఆటలోనూ బలగం తక్కువ ఉన్నవాడు కోట దారులు మూసి గెలవాలి. కోడ్, మ్యాపులు మేమే చేసుకున్నాం. బొమ్మలు వేయడం మాత్రం ఇద్దరికీ రాదు. స్టోర్‌లో గేమ్ పేరుతో కనిపించే ఆ బొమ్మను స్టీమ్ వాళ్ళు క్యాప్సూల్ అంటారు. దాన్ని బయట చేయిద్దామనుకున్నాం.

సోషల్ మీడియాలో ఒక పేజీ దొరికింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పేజీలు పేరు మార్చుకుని మళ్ళీ వస్తాయి, అందుకే వాళ్ళు పనిచేసే పద్ధతి తెలుసుకోవడమే మనకు ముఖ్యం. సగం ఇప్పుడు, సగం పని అయ్యాక ఇస్తామన్నాం. 'అలా అయితే 30,000. మొత్తం ముందే కడితే 22,000' అన్నాడు ఆ పేజీ నడిపేవాడు. తగ్గుతోంది కదా అని యూపీఐలో పంపేశాం. అగ్రిమెంట్ లేదు, ఉన్నదంతా చాటింగే. రఫ్ స్కెచ్ చూపించమని కూడా అడగలేదు.

పన్నెండు రోజులకు బొమ్మ వచ్చింది. కంప్యూటర్ స్క్రీన్ నిండా తెరిచి చూస్తే నిజంగా బ్రహ్మాండంగా ఉంది. గుర్రం మీద కత్తి ఎత్తిన యోధుడు, వెనక ఎర్రటి సాయంత్రం, కింద సన్నటి బంగారు అక్షరాల్లో ఆట పేరు. మా తమ్ముడు ఆ రాత్రే స్టోర్ పేజీలో పెట్టేశాడు.

వారాలు గడిచాయి. స్టీమ్ ట్రాఫిక్ రిపోర్టులో మా బొమ్మ ఎంతమందికి కనిపించిందో, అందులో ఎంతమంది నొక్కి లోపలికి వచ్చారో విడివిడిగా ఉంటుంది. కనిపించడం కనిపిస్తోంది, నొక్కేవాళ్ళే లేరు. చిత్తూరులో ఉండే మా బావమరిది రాత్రంతా స్ట్రాటజీ గేములు ఆడే మనిషి. వాడికి లింక్ పంపితే ఫోన్ చేసి, "బావా, ఇది కత్తియుద్ధం ఆటా? మీరు చేసేది స్ట్రాటజీ అన్నారే?" అన్నాడు.

అప్పుడు గానీ మేం ఆ బొమ్మను ఆడేవాడి కళ్ళతో చూడలేదు. స్టీమ్‌లో వెతికేవాడికి మన బొమ్మ స్క్రీన్ నిండా కనిపించదు. పది గేముల వరసలో బొటనవేలంత ఉంటుంది. చిన్న క్యాప్సూల్‌ను మనం 462×174 పిక్సెళ్ళ సైజులో ఇస్తాం, చాలాచోట్ల అది అంతకంటే చిన్నగానే కనిపిస్తుంది. అందుకే ఆ బొమ్మలో పేరే దాదాపు పెట్టె అంతా నిండాలని స్టీమ్ వాళ్ళే చెబుతారు. మా బొమ్మలో ఆ బంగారు అక్షరాలు దారప్పోగుల్లా అయిపోయాయి. కింద తెలుగులో రాసిన 'చంద్రగిరి' ఇంకా ఘోరం. గుడులు పైకి పోతాయి, 'ద్ర'లో వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తులో తెలుగును ఇరికిస్తే అది మచ్చలా కనిపిస్తుంది తప్ప పేరులా కాదు. తెలుగు పేరు పెట్టుకునేవాళ్ళు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. ఒక్క యోధుడి ముఖం, ఎత్తిన కత్తి చూస్తే ఎవరైనా యాక్షన్ గేమ్ అనే అనుకుంటారు. స్ట్రాటజీ ఇష్టపడేవాడు బొమ్మలో వెతికేది వేరు: పైనుంచి చూస్తున్నట్టు నేల, రెండు పక్షాలు, ఎటు కదలాలో తేలని ఒక ఘట్టం. మా బొమ్మలో అవేవీ లేవు. చివరికి కోట కూడా మనది కాదు. చంద్రగిరి రాజమహల్ మూడంతస్తుల కట్టడం, కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. పైన మెట్లు మెట్లుగా లేచే గోపురాలు. ఆ పేజీవాడు వేసింది పెన్సిల్ మొనల్లాంటి బురుజులున్న యూరప్ కోట. రాజమహల్ ఇక్కడి నుంచి బస్సెక్కితే కళ్ళముందు కనిపించే కట్టడం. అయినా ఆ తేడాను మేం గమనించలేకపోవడం ఇప్పటికీ బాధగా ఉంది.

సైజుల గొడవ తర్వాత మొదలైంది. స్టీమ్ ఒకే బొమ్మను చాలా సైజుల్లో అడుగుతుంది: స్టోర్ హెడర్ 920×430, మెయిన్ 1232×706, నిలువుది 748×896, లైబ్రరీకి (కొన్న గేములన్నీ కనిపించే చోటు) 600×900. ఇవి కాక లైబ్రరీ హీరో అని 3840×1240, దాని మీద అక్షరాలే ఉండకూడదు. వాడు ఇచ్చింది అన్నీ ఒకదానికొకటి అతికిపోయిన ఒక్క పీఎన్‌జీ. నిలువుగా కత్తిరిస్తే గుర్రం తల పోతుంది, పేరు సగం పోతుంది. గుర్రం, పేరు, వెనక దృశ్యం వేరువేరు పొరలుగా (లేయర్లు) ఉండే పీఎస్‌డీ ఫైల్ అడిగితే ఇంకో 9,000 అన్నాడు. పైగా మూలన 'నంబర్ వన్ స్ట్రాటజీ' అని ఒక రిబ్బన్ పెట్టాడు. క్యాప్సూల్‌లో ఆటకు వేసిన బొమ్మ, పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప అవార్డులు, రివ్యూ మార్కులు, పొగడ్తలు ఉండకూడదని 2022 సెప్టెంబర్ నుంచి స్టీమ్ రూల్ ఉంది. ఇదే పనిగా డబ్బు తీసుకునేవాడికి ఇది తెలియదంటే ఎలా నమ్మాలి?

అసలు దెబ్బ ఇంకా ఉంది. అనుమానం వచ్చి రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేశాం, అంటే ఆ బొమ్మ నెట్‌లో ఇంకెక్కడైనా ఉందా అని వెతికాం. ఆ గుర్రం, ఆ యోధుడు ఒక విదేశీ చిత్రకారుడి వాల్‌పేపర్ లోవి. కుడిఎడమలు తిప్పి రంగు మార్చాడంతే. మిగతాది ఏఐతో చేసినట్టుంది. అడిగితే 'ఇన్‌స్పిరేషన్ తీసుకున్నా బ్రో' అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేశాడు. గేమ్‌లో, స్టోర్ బొమ్మల్లో ఏఐ వాడారా అని 2024 జనవరి నుంచి స్టీమ్ అడుగుతోంది. బొమ్మ ఎలా చేశారో మనకే తెలియనప్పుడు అక్కడ నిజం ఎలా రాస్తాం? అసలు చిత్రకారుడు ఫిర్యాదు చేస్తే ఇబ్బందిపడేది మనమే. ఆ రోజే బొమ్మ తీసేశాం. రాబోయే గేముల డెమోలను స్టీమ్ అందరితో ఆడించే అక్టోబర్ నెక్స్ట్ ఫెస్ట్‌కు చేసుకున్న నమోదు కూడా వెనక్కి తీసుకున్నాం. ఒక గేమ్‌కు ఆ ఫెస్ట్‌లో ఒక్కసారే అవకాశం ఉంటుంది, దాన్ని ఇలా పోగొట్టుకోలేం.

చాటింగ్‌లో 'ఫుల్ రైట్స్ మీవే' అన్న మాటను నమ్మకండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే ఐదేళ్ళే అనుకుంటారు. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియాకే పరిమితం. స్టీమ్‌లో అమ్మేది ప్రపంచమంతటికీ కదా, కాబట్టి 'శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా' అని కాగితం మీద ఉండాల్సిందే.

ఇప్పుడు శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్న ఒకమ్మాయితో చేయిస్తున్నాం. ముందు మూడు రఫ్‌లు, అదీ నలుపు తెలుపుల్లోనే. ఒక్కొక్కటి 231 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి, ఫోన్‌లో వేరే స్ట్రాటజీ గేముల మధ్య పెట్టి చూశాం. రఫ్ ఒప్పుకున్నాక మూడో వంతు, రంగులయ్యాక మూడో వంతు, లేయర్లు, సంతకం చేసిన కాగితం చేతికొచ్చాక మిగతాది ఇచ్చే ఒప్పందం. కలంకారీలో మందంగా ఉండే నల్ల గీత చిన్న సైజులోనూ చెదరడం లేదు. పైనుంచి కనిపించే రాజమహల్, దాని చుట్టూ పులిజూదం గీతల్లా దారులు. బావమరిదికి ఏమీ చెప్పకుండా పంపితే "ఇది ఎత్తులేసే ఆట" అన్నాడు.

ఎవరి పోర్ట్‌ఫోలియో నచ్చినా, అందులో ఒక బొమ్మ చూపించి 'దీని రఫ్ ఉందా?' అని అడగండి. మమ్మల్ని మోసం చేసినవాడిని బ్లాక్ చేయకముందు అడిగితే ఆ ఒక్క మెసేజ్‌కే జవాబివ్వలేదు.

సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాం. 'మొత్తం ముందే కడితే తగ్గింపు' అని చెప్పి, ఒకే పీఎన్‌జీ ఇచ్చి, పీఎస్‌డీకి మళ్ళీ డబ్బడిగిన అనుభవం మీకూ ఉంటే చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదులు తీసేయకండి. మీరు కూడా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నాకు కూడా మెసేజ్ పెట్టండి.