ఒకయు తినడానికి జపాన్‌లో ఎక్కడికి వెళ్లాలి: నారా, క్యోటో, ఎయిహెయిజి

ఒకయు అంటే జపాన్ వాళ్ల బియ్యపు జావ. టోక్యో హోటల్లో పొద్దున్నే "ఒకయు దొరుకుతుందా?" అని అడిగితే, "ఒంట్లో బాగాలేదా?" అని ఎదురుప్రశ్న రావచ్చు. ఆ ఊళ్లో ఆ మాట వినగానే గుర్తొచ్చేది జ్వరం పథ్యం. పసిపిల్లలకి అన్నప్రాశన నాటి మెతుకూ అదే: ఒక వంతు బియ్యానికి పది వంతుల నీళ్లు. నారాలో అడిగితే ఎవరూ కంగారుపడరు. అక్కడ అది రోజువారీ టిఫిను.

ఈ తేడాకి కారణం పొయ్యి వెలిగించే వేళ. పాతరోజుల్లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, అన్నం పొద్దున వండేవారు. క్యోటో, ఒసాకా వైపు మధ్యాహ్నం వండేవారు. తెల్లారేసరికి మిగిలేది చల్లారిన అన్నమే కాబట్టి దాన్ని టీలో మరిగించి తాగేవారు. మన చద్దన్నానికి వేలువిడిచిన చుట్టం అనుకోండి.

అసలు మాట 'కయు'. ముందున్న 'ఒ' గౌరవానికి. కన్సాయ్, అంటే నారా, క్యోటో, ఒసాకా ఉన్న ప్రాంతపు పెద్దవాళ్లు అంతటితో ఆగక 'ఒకాయ్‌సాన్' అంటారు, అంటే జావగారు! ఒకప్పుడు నీళ్లలో ఉడికించిన అన్నాన్ని కూడా 'గట్టి కయు' అనేవారు. ఇప్పటి జావ అప్పటి 'జారు కయు'. మెనూలో కనిపించే జోసుయి మాత్రం వేరు. అది వండిన అన్నాన్ని దాషి రసంలో ఉడికించేది, ఆ దాషిలో సాధారణంగా చేప ఉంటుంది.

నారా: మొదటి ఓటు దీనికే. ఇక్కడి చగయు, అంటే టీ జావ, హోజిచా అనే వేయించిన టీ ఆకుతో చేస్తారు. ఒక కప్పు బియ్యానికి ఎనిమిది, పది కప్పుల నీళ్లు. టీ ఆకుని గుడ్డ సంచిలో కట్టి మరిగించి, రంగు దిగాక సంచి తీసేసి, కడిగిన బియ్యం పోస్తారు. మంట పెద్దదే, మూత పెట్టరు, నురుగు తీస్తూ ఉంటారు. అడుగంటకుండా ఒకటి రెండుసార్లు తిప్పడమే. గరిటె ఆడించిన కొద్దీ గంజి బయటికొచ్చి బంక అవుతుంది, చగయు పలచగా జారుతూ ఉండాలి. 15-20 నిమిషాల్లో గింజ పువ్వులా విచ్చుకోగానే దించి ఉప్పు వేసి వెంటనే వడ్డిస్తారు. పది నిమిషాలు ఆగినా గింజ రసాన్ని పీల్చేసుకుంటుంది. రంగు లేత గోధుమ, వాసన వేయించిన పేలాలకి దగ్గర.

1909లో మొదలైన నారా హోటల్ ఉదయం భోజనంలో చగయు కూడా ఒక ఎంపిక. ఖర్చు తగ్గించుకోవాలంటే చగయు పెట్టే చిన్న సత్రాలు, తినుబండారాల ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. గది బుక్ చేసేటప్పుడే పొద్దున చగయు ఉంటుందో లేదో అడగండి, అప్పటికప్పుడు అడిగితే చేసిపెట్టరు.

క్యోటో: నాన్‌జెన్‌జి ఆలయం దగ్గర 400 ఏళ్లు దాటిన హ్యోతెయి ఉంది. అక్కడి 'అసగయు', అంటే ఉదయపు జావ, పేరు మోసింది. ప్రధాన శాలలో అది జూలై, ఆగస్టు నెలల్లోనే. తెల్లటి జావ మీద చిక్కటి రసం పోసుకోవాలి, పక్కన సగం ఉడికిన గుడ్డు, ఇంకా చిన్న చిన్న వంటకాలు. ముందుగా బుక్ చేసుకోక తప్పదు. ఇక్కడ డబ్బు ఆ గది, తోట, వడ్డన కోసం ఇచ్చినట్టు. జావ రుచి కోసమే అయితే నారాకి రైలెక్కడం మేలు. శాకాహారులకి ఇది కుదరదు, పోసుకునే రసంలో ఎండుచేప దాషి ఉంటుంది.

శాకాహారులకి నిశ్చింత జెన్ ఆలయాల్లో. ఫుకుయి దగ్గర 1244లో జెన్ బౌద్ధ గురువు దోగెన్ స్థాపించిన ఎయిహెయిజి ఆలయంలో సన్యాసుల ఉదయాహారం నేటికీ జావ, నువ్వుల ఉప్పు, ముల్లంగి ఊరగాయ. ఆ కరకరలాడే ముక్కని చప్పుడు కాకుండా నమలాలి, కొత్తవాళ్లకి అసలు పరీక్ష అదే. దోగెన్ జావకి పది గుణాలు చెప్పాడు: రంగు, బలం, ఆయుష్షు, సుఖం, మాట స్పష్టత, అరుగుదల, వాతహరణం, ఆకలి, దప్పిక తీరడం, విరేచనం సాఫీ. అవి భారతదేశపు బౌద్ధ వినయ గ్రంథం (సన్యాసుల నియమావళి) నుంచి వచ్చినవే. సంస్కృతంలో జావని యవాగువు అంటారు, అదే పాళీలో 'యాగు'. ఆయుర్వేదంలో మండం, పేయ, విలేపి అని చిక్కదనం చూసి పేర్లు పెట్టినట్టే జపాన్‌లోనూ ఉన్నాయి: బియ్యానికి ఐదింతల నీళ్లయితే జెన్‌గయు, ఏడింతలైతే షిచిబుగయు, పదింతలైతే గొబుగయు, మెతుకు లేని తేట ఒమొయు. ఆలయంలో బస చేయాలంటే ముందే రాసి అడగాలి, తెల్లవారుజామున లేవాలి, సౌకర్యాలు ఆశించకూడదు.

కోయసాన్ అనే కొండ మీది బౌద్ధ క్షేత్రంలో బస ఇచ్చే ఆలయాలు యాభై దాకా ఉన్నాయి, భోజనం శాకాహారమే. కానీ పొద్దున జావే పెడతారన్న నమ్మకం లేదు, మామూలు అన్నం పెట్టేవే ఎక్కువ.

బిజినెస్ హోటల్ బఫేలో జావ ఉంటే తలుపు తీయగానే వెళ్లండి. వేడిపెట్టెలో గంట కూర్చుంటే అది గట్టిపడి పేస్టవుతుంది, వేడినీళ్లు కలిపినా తేరుకోదు. ఉమెబోషిని, అంటే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండుని, ఒకేసారి కలపకండి. పాతపద్ధతిలో ఊరబెట్టిందైతే ఉప్పు 18-20 శాతం ఉంటుంది, మన ఆవకాయ తిన్న నాలుకకి కూడా గట్టి దెబ్బే. చిటికెడు చొప్పున జావలో ముంచి తినాలి.

వంటవాణ్ణి అడగాల్సిన ప్రశ్న: "దాషి వా కొంబు దకే దెసు కా?" రసం సముద్రపు నాచుతోనేనా అని. కన్వీనియన్స్ స్టోర్లో జావ ప్యాకెట్లు 250 గ్రాములవి దొరుకుతాయి. 'షిరొగయు' అన్నది తెల్లటి జావ, గుడ్డుది 'తమగొగయు', అందులో చేపరసం ఉండే అవకాశం ఎక్కువ. అల్యూమినియం ప్యాకెట్‌ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, గిన్నెలోకి ఒంపి పెట్టండి. హోటల్ గది కెటిల్లో ప్యాకెట్ వేసి కాచే పని మాత్రం వద్దు.

జనవరి మొదటి వారంలో వెళ్లేవాళ్లు సూపర్ మార్కెట్లో ఏడు ఆకుకూరల చిన్న పెట్టె చూడండి. 7వ తేదీ పొద్దున జావలో వేసేవి, 'ననకుసగయు' అంటారు. వాటిలో రెండు, టర్నిప్, ముల్లంగి, ఆకులతో పాటు బుల్లి దుంపలుగా ఉంటాయి. దుంపని ముందు వేసి ఉడికించి, ఆకుని సన్నగా తరిగి దించే ముందు కలపాలి. ముందే వేస్తే పసరు చేదు.