తంజావూరు సరస్వతీ మహల్ ప్రదర్శనశాల: ఇంటిల్లిపాదీ చూడదగిన చోటు

తంజావూరు వెళ్లే తెలుగువారిలో చాలామంది పెద్దగుడి చూసుకుని, అటునుంచి అటే కుంభకోణానికో తిరువయ్యారుకో సాగిపోతారు. మేమూ మొదట అలాగే అనుకున్నాము. తెలుగు పండితులుగా పనిచేసి విరమించిన మా మామగారు పట్టుబట్టడంతో, మధ్యాహ్నం గుడి మూసే వేళను రాజప్రాసాదం ఆవరణలోని సరస్వతీ మహల్ గ్రంథాలయ ప్రదర్శనశాలకు కేటాయించాము. ఆ ప్రయాణం గురించి మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకునేది ఆ పూట సంగతులే.

నాయకరాజుల కాలంలో మొదలైన ఈ పుస్తక భాండాగారం, 1673లో వారి పాలన ముగిసిన కొద్దికాలానికి మరాఠా రాజుల చేతికి వచ్చింది. 1798 నుంచి 1832 వరకు రాజుగా ఉన్న రెండవ శరభోజి కాశీయాత్రకు వెళ్లినప్పుడు పండితులచేత గ్రంథాలకు ప్రతులు రాయించి తెచ్చాడు. ఐరోపా నుంచి అచ్చు పుస్తకాలనూ దేశపటాలనూ తెప్పించాడు. 1918లో ఇది ప్రజల గ్రంథాలయమైంది. ఇక్కడి 40,000కు పైగా రాతప్రతులలో అధికభాగం సంస్కృతానివి. తెలుగువి వందల సంఖ్యలో ఉన్నాయి. తమిళదేశం నడిబొడ్డున ఇన్ని తెలుగు ప్రతులు ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు ఆ రాజుల కొలువులోనే ఉంది. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. ఆయన కుమారుడు విజయరాఘవుడి ఆస్థానంలో యక్షగానాలు వర్ధిల్లాయి. ఆ తరువాత ఇంటిభాష మరాఠీ అయిన శాహజీ కూడా తెలుగులోనే యక్షగానాలు రచించాడు. బడిలో దక్షిణాంధ్ర యుగం అని చదివి మరచిపోయినది, ఇక్కడ అద్దాల వెనుక తాటాకుల రూపంలో కనబడుతుంది.

మేము ఎక్కువసేపు నిలబడింది ఒక తెలుగు తాళపత్రం ముందు. గంటంతో గీసిన అక్షరాలకు మసి పట్టించడంతో, బెత్తెడు వెడల్పైనా లేని ఆకుమీద చీమల బారులాంటి వరుసలు నల్లగా నిలిచి ఉన్నాయి. కట్టు తాడు దూర్చడానికి చేసిన రంధ్రం చుట్టూ మాత్రం లేఖకుడు కాస్త చోటు వదిలాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. మా అమ్మాయి అద్దానికి ముఖం ఆనించి, "తాతయ్యా, ఇది మన తెలుగేనా? ఈ అక్షరం పక్కన కొక్కెంలా ఉన్నదేమిటి?" అని అడిగింది. అది వలపలగిలక అనీ, ఇప్పుడు మనం 'ధర్మము' అని రాసే మాటను అప్పట్లో 'ధమ౯ము' అని రాసేవారనీ, ఆ గుర్తు కనబడగానే దానికి ఎడమపక్కనున్న అక్షరం కంటే ముందు రకారాన్ని పలికి చదువుకోవాలనీ ఆయన వివరించారు. ఆ తరువాత మా అమ్మాయి ప్రతి వరుసలోనూ కొక్కేలను వెదుక్కుంటూ, తెలిసిన అక్షరాలను కూడబలుక్కుంటూ చాలాసేపు కదలలేదు. పిల్లలకు పాత లిపిని పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

మనుషుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చి ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ లెబ్రన్ గీసిన బొమ్మలు పిల్లలను బాగా ఆకట్టుకుంటాయి. చైనాలో నేరస్థులకు విధించిన శిక్షల చిత్రాలు మాత్రం చిన్నపిల్లలకు తగినవి కావు; వారిని వేరే వైపు చూపిస్తూ ముందుకు తీసుకువెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. పాత పటాలు కూడా చూడదగినవే.

ప్రదర్శనశాల చిన్నది కాబట్టి తొందర లేకుండా చూసినా గంట, గంటన్నర సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇది ఎంతో అనుకూలం. బుధవారం సెలవు కనుక ఆ రోజు పెట్టుకోకూడదు. తెలుగు లిపి చదవగల పెద్దవారు ఇంట్లో ఎవరున్నా తప్పకుండా వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే పక్కన చదివి చెప్పేవారు లేకపోతే పిల్లలకు అవి ఎండిన ఆకులుగానే మిగిలిపోతాయి. గ్రంథాలయంవారు తాళపత్రాలను పరిష్కరించి అచ్చువేసిన పుస్తకాలు అక్కడే అమ్మకానికి ఉంటాయి. మామగారు ఒక యక్షగానం కొనుక్కుని, తిరువయ్యారు వెళ్లే బస్సులో కావేరి వంతెన వచ్చేదాకా మా అమ్మాయికి అందులోని దరువులు చదివి వినిపిస్తూనే ఉన్నారు.