పర్లాకిమిడి ఇంట్లో ఇన్వర్టర్: ఏళ్ల తరబడి వాడాక

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒడిశాలోని మా గజపతి జిల్లాను కుదిపేశాక ఇంట్లోకి ఇన్వర్టర్ వచ్చింది. సైన్ వేవ్ రకం, అంటే గోడ ప్లగ్గులో వచ్చే కరెంటులాంటిదే ఇచ్చేది. దానికి 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ నిల్వ సామర్థ్యం ఉన్న ట్యూబులర్ (గొట్టాల్లాంటి పలకలుండే) బ్యాటరీ. పెట్టిన డబ్బుకు తగిన వస్తువే. కాకపోతే కరెంటుతో దేన్ని నడపాలో, దేన్ని నడపకూడదో తెలిసినవాళ్లకే ఇది బాగా అక్కరకొస్తుంది.

ఫ్యాను తిరిగేది అయస్కాంత ప్రభావంతో. ఆ పనికి కరెంటు పెద్దగా ఖర్చు కాదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానుకు 30 వాట్లు చాలు. బ్యాటరీ కొత్తలో రెండు పాత ఫ్యాన్లు, కొన్ని ఎల్ఈడీ బల్బులు ఐదారు గంటలు నడిచేవి. బీఎల్‌డీసీ ఫ్యాన్లకు మారాక రాత్రంతా నిశ్చింతగా పడుకుంటున్నాం. కరెంటును నున్నగా కాకుండా ఒక్కసారిగా మార్చి ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ చవకే కానీ దాని మీద మామూలు ఫ్యాను గుయ్‌మని మోగుతుంది.

వేడి పుట్టించే సామాను మాత్రం వద్దు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గోడ ప్లగ్గు నుంచి నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అదే శక్తిని 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వాలంటే 83 ఆంపియర్లు దాటాలి. వైర్లలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్యాటరీ వైర్లు అంత లావుగా ఉండేది అందుకే. బ్యాటరీకి వైరు బిగించే చోటు, అంటే టెర్మినల్, వదులైతే అక్కడే కాలుతుంది. తెల్లటి పొడి పట్టిందంటే ఇన్వర్టర్ ఆపి, వైర్లు విప్పి, వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరాక బిగించి వ్యాజిలైన్ రాస్తాను.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది రసాయన ప్రభావం మీద. బ్యాటరీ వాడుతున్నకొద్దీ సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని ఆమ్లం పలచబడుతుంది. ఛార్జింగ్‌లో కరెంటు ఆ చర్యను వెనక్కి తిప్పుతుంది. ఆమ్లం ఎంత చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటరుతో చూస్తే మా బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 1.24 దగ్గర చూపేది, కరెంటు లేని రాత్రి గడిచాక బాగా దిగేది. ఛార్జింగ్ చివర్లో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మూత దగ్గర చెవి పెడితే బుడగల చప్పుడు సన్నగా వినిపిస్తుంది. అందుకే నీటిమట్టం తగ్గుతుంది, ఎండాకాలంలో మరీనూ. అమ్మిన కొట్టువాళ్లు ఈ సంగతే చెప్పలేదు. చెప్పింది వైరింగ్ చేసిన కుర్రాడు: "అమ్మా, డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. నూతి నీళ్లు పోశారంటే బ్యాటరీ పోయినట్టే." నూతి నీటిలోని లవణాలు పలకల్ని తినేస్తాయి. మా అమ్మ బ్యాటరీని దేవుడి గదిలో పెడదామంది, నేను ఒప్పుకోలేదు. హైడ్రోజన్ చేరే చోట దీపం ఉండకూడదు. గాలి ఆడే వరండాలోనే ఉంచాం.

ఐదేళ్లు దాటాక బ్యాకప్ రెండు గంటలకు పడిపోయింది. ఈ రకం బ్యాటరీకి అది మంచి ఆయుష్షే అంటాను. పాతది పారెయ్యకండి. సీసం కరిగించి మళ్లీ వాడతారు కాబట్టి మార్పిడిలో ధర తగ్గిస్తారు. కొత్తది సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో తీసుకున్నాం. బేరం కంటే ముందు అడిగింది ఒకటే: వారంటీలో ఏదైనా తేడా వస్తే మనిషి ఒడిశా వైపు వచ్చి చూస్తాడా అని. వస్తాడని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టాను.