తప్పును తన పేరనే రాసుకునే విక్రేత: ఒంగోలు నాణేల వేలంతో నా నాలుగేళ్ల అనుభవం

ఒంగోలులో ఉంటూ పాత నాణేలను ఆన్‌లైన్ వేలంలో అమ్మే ఒక విక్రేత దగ్గర నాలుగేళ్లుగా కొంటున్నాను. ఇప్పటికి ముప్పై ఒక్క నాణేలు కొన్నాను. వాటిలో రెండింటి విషయంలో ఆయన రాసిన వర్ణనకూ వస్తువుకూ పొంతన కుదరలేదు, మరొకదాని విషయంలో పాట సరిగ్గా జరగలేదు. ఇన్ని తేడాలు వచ్చిన విక్రేతను మెచ్చుకుంటూ సమీక్ష రాయడమేమిటని చదివేవారికి అనిపించడం సహజమే. తేడా బయటపడిన తరువాత ఆయన ఏం చేశారన్నదే ఈ సమీక్షకు విషయం. ఆయన పేరుగానీ ఖాతా పేరుగానీ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఆయన బావమరిది ప్రస్తావన కూడా వస్తుంది, ఆ కుర్రవాడిని ఊరందరికీ చూపించడం నా ఉద్దేశం కాదు.

వేలం పద్ధతి మామూలుదే. ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు పాట ముగుస్తుంది. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో ఐదు నిమిషాలు పెరుగుతుంది కాబట్టి, ఆఖరి క్షణంలో దూరి తన్నుకుపోయేవారి బెడద తక్కువ. మనం ఇవ్వదలచిన గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తే, అవతలివారు పెంచినప్పుడల్లా వేలం సైటే మన తరఫున యాభై రూపాయల చొప్పున పెంచుకుంటూ పోతుంది. డబ్బు అందిన రెండో రోజున స్పీడ్ పోస్టులో పంపుతారు. ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు 120 కిలోమీటర్లే కాబట్టి నాకు తరచు మరునాడే చేరుతుంది.

మొదటి తేడా పావు వరహా నాణెంతో వచ్చింది. మద్రాసు టంకశాలలో 1808 నుంచి కొద్ది ఏళ్లపాటు ముద్రించిన ఈ వెండి నాణెం మీద ఒకవైపు గుడి గోపురమూ దాని చుట్టూ ఇంగ్లీషు, పారసీ అక్షరాలూ ఉంటాయి. రెండోవైపు విష్ణుమూర్తి, ఆయన చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉంటాయి. వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు చొప్పున లెక్కలు కట్టుకున్న కాలం అది. కుంఫిణీవారి, అంటే ఈస్టిండియా కంపెనీవారి నాణెం మీద మన లిపిని కళ్లారా చూడాలన్న కోరికతో నేను రెండేళ్లుగా వెతుకుతున్నాను. ఆయన పెట్టిన నాణెం ఫోటోలో తెలుగు అక్షరాలు చెక్కు చెదరకుండా కనిపించాయి. ‘వెరీ ఫైన్ (అరుగుదల తక్కువగా ఉన్న మంచి స్థితి), ఎటువంటి లోపమూ లేదు’ అని వర్ణన. 4,650 రూపాయలకు పాట నా పేర నిలిచింది.

నాణెం చేతికి వచ్చిన రోజున నాకు అనుమానం రాలేదు. చిన్నబజారులో నాకు తెలిసిన ఆచారిగారి దగ్గరకు తూకం వేయించడానికి తీసుకువెళ్లాను. సుమారు పదిన్నర గ్రాములు ఉండవలసిన నాణెం సరిగ్గానే తూగింది. ఆయన మాత్రం దాన్ని వెంటనే తిరిగి ఇవ్వకుండా, భూతద్దం కంటికి పెట్టుకుని, అంచును బొటనవేలి గోటితో నెమ్మదిగా తిప్పుతూ గోపుర శిఖరానికి సరిగ్గా పైన ఆగారు. ‘ఇది మెడలో తిరిగిన నాణెం సార్. ఇక్కడ కొక్కెం టంకం పెట్టారు, తరువాత ఆకురాయితో రాశారు. చూడండి, మిగతా అంచంతా నల్లబడింది, ఈ గోరంత మేర తెల్లగా ఉంది’ అన్నారు. చూపించాక నాకూ కనిపించింది. వరిగింజ పొడవున అంచు చదునై, దాని పక్కన బూడిదరంగు టంకం చుక్క ఒకటి అంటుకుని ఉంది. నాణేలను ఆభరణంగా వేసుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు, అందులో తప్పూ లేదు. సేకరించేవారి లెక్కలో మాత్రం కొక్కెం మచ్చ ఉన్న నాణెం విలువ బాగా పడిపోతుంది, అందుకే ఆ మాట వర్ణనలో ఉండి తీరాలి.

ఆ సాయంత్రమే ఫోటో తీసి విక్రేతకు పంపాను. మొదటి జవాబు నన్ను నిరాశపరచింది. అర వరహా నాణేలను స్పెయిన్ డాలర్ల మీదనే తిరిగి ముద్రించిన సంగతి తెలిసిందేననీ, ఇది కూడా అటువంటి పాత ముద్ర జాడ అయి ఉండవచ్చనీ రాశారు. అర వరహాల సంగతి నిజమే. అయితే పాత ముద్ర జాడ నాణెం ముఖం మీద గీతలుగానో అక్షరాల ముక్కలుగానో కనిపిస్తుందే తప్ప, అంచును అరగదీసి టంకం చుక్కను అంటించి పోదు. తెలియనివాడి సాకు కంటె తెలిసినవాడి సాకు ప్రమాదకరం, దానికి చరిత్ర కూడా తోడు వస్తుంది. నేను తిరిగి ఏమీ రాయలేదు.

మరునాడు ఉదయం ఆరున్నరకు రెండో జవాబు వచ్చింది. తాను వేలంలో పెట్టిన ఫోటోనే పెద్దది చేసి, ఆ మచ్చ చుట్టూ ఎర్రగీత గీసి పంపారు. కింద రాసిన మాటలు దాదాపు ఇవి: ‘ఇది నా ఫోటోలోనే ఉంది. నేను చూడలేదు. నిన్న రాసిన డాలర్ మాట తప్పు, వాదన గెలవడానికి రాశాను. నాణెం వెనక్కు పంపితే రానుపోను పోస్టు ఖర్చుతో సహా మొత్తం ఇస్తాను. ఉంచుకుంటే మచ్చ ఉన్న నాణేనికి నేను పెట్టగలిగే ధర 2,800, మిగిలిన 1,850 ఈ రోజే పంపుతాను.’

మనం అలవాటుగా వాడే మాట ‘పొరపాటు జరిగింది’. పాలు పొంగినట్టు, వాన కురిసినట్టు పొరపాటు తనంతట తానే జరిగిపోతుంది, అందులో మనిషి ఉండడు. బ్యాంకు కౌంటరు దగ్గరా, గ్యాస్ ఏజెన్సీలోనూ, పెళ్లి భోజనాల కాంట్రాక్టరు నోటా నేను విన్నది ఎప్పుడూ ఆ వాక్యమే. నిజానికి ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను రాసిన సంజాయిషీలలోనూ ఉన్నది అదే. ‘నేను చూడలేదు’ అన్న రెండు మాటల వాక్యంలో కర్త ఉన్నాడు. అంతకంటె అరుదైనది, ‘వాదన గెలవడానికి రాశాను’ అనడం. మొదటి తప్పు కంటికి సంబంధించినది, రెండోది బుద్ధికి సంబంధించినది. రెండోదాన్ని ఆయన తానుగా బయట పెట్టకపోతే నేను ఎన్నటికీ రుజువు చేయగలిగేవాణ్ని కాను.

నాణెం ఉంచుకున్నాను, తెలుగు అక్షరాలు నిండుగా ఉన్నాయి కనుక. అయితే అక్కడితో ఆయన ఆగలేదు. ముగిసిపోయిన ఆ పాట పేజీలో ‘ఎటువంటి లోపమూ లేదు’ అన్న వాక్యాన్ని చెరిపేయకుండా దాని మీద అడ్డగీత గీసి, కింద తేదీ వేసి, ‘పై అంచున కొక్కెం మచ్చ ఉంది, నేను గమనించలేదు, సవరించిన ధర 2,800’ అని చేర్చారు. పాత వేలం ధరలు చూసుకుని తమ నాణేలకు విలువ కట్టుకునేవారు చాలామంది ఉంటారు. వాళ్లు 4,650 అన్న తప్పుడు అంకెను నమ్మి మోసపోకుండా ఇది కాపాడుతుంది. నాకు డబ్బు తిరిగి ఇవ్వడం మా ఇద్దరి మధ్య వ్యవహారం, పేజీని సరిదిద్దడం మాత్రం ఆయనకు పైసా లాభం లేని పని.

రెండో తేడా చిన్నది. 1942 నాటి ఆరో జార్జి రూపాయికి 91.7 శాతం వెండి అని రాశారు. 1919 నాటి రూపాయికి రాసుకున్న వర్ణనను నకలు చేసి, సంవత్సరం మాత్రం మార్చారట. యుద్ధకాలంలో రూపాయిలో వెండిని సగానికి తగ్గించిన సంగతి సేకర్తలకు కంఠోపాఠం, కానీ కొత్తవారికి తెలియదు. పాట ముగియడానికి రెండు రోజుల ముందు ఆయనే గమనించి, అదే అడ్డగీత పద్ధతిలో దిద్ది, అప్పటికే పాడినవారందరికీ విడివిడిగా సందేశం పంపి, తమ పాటను వెనక్కు తీసుకునే అవకాశం ఇచ్చారు. ఇద్దరు తీసుకున్నారు. నేను ఉన్నాను, అనుకున్నదానికంటె తక్కువకే దక్కింది.

మూడోది మీకు వివరంగా చెప్పవలసినది. 1835 నాటి నాలుగో విలియం రూపాయిని నేను 3,900 రూపాయలకు పాడుకున్నాను. ఈస్టిండియా కంపెనీ తన ప్రెసిడెన్సీలన్నిటికీ ఒకే రూపాయిని తెచ్చిన సంవత్సరం అది, నాణెం కూడా చక్కగా ఉంది, నాకు ఏ ఫిర్యాదూ లేదు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. పండగకు ఇంటికి వచ్చిన బావమరిది భోజనాల దగ్గర ‘నీ విలియం రూపాయికి రేటు పెంచింది నేనే బావా’ అని గొప్పగా చెప్పుకున్నాడట. సొంత ఖాతాతో నాలుగుసార్లు పాడాడు. బావకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షన్ వేలాల గురించి స్పష్టంగానే చెబుతుంది. అమ్మేవాడు తనకు పాడే హక్కు ఉందని ముందుగా ప్రకటించకుండా తాను పాడినా, ఇంకొకరిచేత పాడించినా అది చట్టవిరుద్ధం. ధర పెంచడానికి దొంగపాట పాడిస్తే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఇక్కడ ఈయన ఎవరినీ నియమించలేదు, ఆయనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు, కనుక ఆ సెక్షన్ తనకు వర్తించదని వాదించుకునే వీలు ఉంది. ఆయన వాదించలేదు. పాటల చిట్టా మొత్తం నాకు పంపి, బావమరిది పాడిన నాలుగింటినీ తీసివేస్తే నాకు పోటీగా మిగిలినవారి ఆఖరి పాట 2,700 అనీ, దానికి యాభై కలిపితే నేను చెల్లించవలసినది 2,750 అనీ లెక్క చూపించి, 1,150 రూపాయలు జమ చేశారు. నాణెం వద్దనుకుంటే మొత్తం వెనక్కు ఇస్తానన్నారు. ఆయన ఫోన్ చేసి చెప్పకపోతే ఇటువంటిది ఒకటి జరిగిందని నాకు తెలిసే మార్గమే లేదు.

దీన్ని కూడా పేజీలో పెట్టండి అన్నాను. ఇక్కడ ఆయన తటపటాయించారు, ఇంటి పరువు సంగతి. పది రోజులు పట్టింది. చివరకు ‘నా దగ్గరి బంధువు నాకు తెలియకుండా ఈ పాటలో పాల్గొన్నారు’ అని రాశారు. దాంతో పాత కొనుగోలుదారులు తమ పాటల గురించి అడగడం మొదలుపెట్టారు, రెండేళ్ల చిట్టా తిరగవేయవలసి వచ్చింది, మరో రెండు నాణేల మీద అదే ఖాతా పాట కనిపించింది, వాటికీ తేడా డబ్బు వెనక్కు వెళ్లింది. ఇదంతా ఆయన పేజీలోనే ఉంది. నిజం చెప్పినందుకు కొందరు ఆయన దగ్గర కొనడం మానేశారని కూడా విన్నాను.

ఇక నచ్చనివి. ఒకసారి రోమన్ నాణెం ఒకదానికి ‘నెల్లూరు ప్రాంతంలో దొరికినది’ అని రాశారు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలి, తవ్వితే పాత గుడి శిథిలాల కింద రోమన్ బంగారు నాణేల కుండ దొరికిన కథను మా ఊళ్లో నాణేల పిచ్చి ఉన్నవారెవరినడిగినా చెబుతారు. ఆ కథ నీడలో వస్తువును నిలబెడితే పోతపోసిన నకలుకు కూడా ధర వస్తుంది. ఆధారమేమిటని అడిగాను. మరుసటి గంటకు ఆ వాక్యం మాయమైంది, అడ్డగీత లేదు, తేదీ లేదు, జవాబూ లేదు. పావు వరహా పేజీని అంత నిజాయతీగా దిద్దిన మనిషే ఇక్కడ ఇలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఫోటోలు రాత్రిపూట పసుపు బల్బు కింద తీస్తారు, వెండి నాణెం ఇత్తడిలా కనిపిస్తుంది. నాణెం స్థితిని ఒక మెట్టు ఎక్కువ చేసి చెప్పడం ఉంది. ఆయన ‘ఎక్స్‌ట్రా ఫైన్’ అంటే నేను ‘వెరీ ఫైన్’ అనుకునే పాడతాను. మొదట్లో నాణేన్ని పలచటి కవరులో వేసి పంపేవారు, కదిపితే లోపల గలగలలాడేది. చెప్పిన తరువాత రెండు అట్టముక్కల మధ్య బిగించి పంపుతున్నారు. క్షమాపణలు మరీ పొడవు. కరెంటు కోత, రక్తపోటు, అద్దాల పవరు అన్నీ అందులో వస్తాయి, చదివేసరికి ఆయననే ఓదార్చవలసి వస్తుందేమో అనిపిస్తుంది.

వర్ణనకు సరిపోని వస్తువును వెనక్కు తీసుకోనని విక్రేత అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి, వ్యాపారంగా అమ్మేవారందరికీ అది వర్తిస్తుంది. కాబట్టి డబ్బు వెనక్కు ఇవ్వడాన్ని ఔదార్యంగా లెక్కవేయనక్కరలేదు. నేను మార్కులు వేస్తున్నది అడ్డగీతకూ, సంక్రాంతి తరువాతి ఫోనుకూ. ఐదుకు నాలుగు. రోమన్ నాణెం పేజీకి కూడా ఒక అడ్డగీతా తేదీ వచ్చిననాడు ఆ ఒకటీ ఇస్తాను.

కొత్తగా కొనేవారు పాటకు ముందు అంచు ఫోటో అడగండి, పంపుతారు. నిజానికి ఈ మధ్య అడగకుండానే పెడుతున్నారు. నిరుటి నుంచి ఆయన పెట్టే ప్రతి వెండి నాణేనికీ నాలుగు అదనపు ఫోటోలు ఉంటున్నాయి. నాణేన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, పావు వంతు చొప్పున తిప్పుతూ అంచంతా తీసినవి. బల్బు మాత్రం ఇంకా పసుపుదే.