ప్రాణహిత ఒడ్డున రెండు రేవులు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత నదిని చూడబోయే వారికి ముందుగా చెప్పవలసింది ఒక్కటే: ఏ రేవులో దిగుతారో బాగా విచారించుకొని మరీ వెళ్లండి. మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా 63వ నంబరు జాతీయ రహదారిపై వంతెన దాటి సిరోంచ చేరేదాకా మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. బోర్డులు మరాఠీలో ఉన్నా బజారులో తెలుగే వినిపిస్తుంది కాబట్టి మా అత్తయ్యగారు కూడా సొంత ఊళ్లో తిరిగినట్టే తిరిగారు.

"నది కనిపించే గది" అని నమ్మబలికి రోజుకు 1,400 రూపాయలు తీసుకున్న లాడ్జిలో కిటికీ తెరిస్తే నది కనిపించిన మాట నిజమే. దానితోపాటు స్నానాల గదుల గొట్టాన్ని గట్టు వాలు మీదుగా రెల్లు పొదల్లోకి వదిలేసిన సంగతీ కనిపించింది. అడిగితే, "వానాకాలంలో అంతా కొట్టుకపోతది సార్" అన్నారు. వార్ధా, వైన్‌గంగ కలిసే చోట మొదలై, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ఈ నది పొడవు 113 కిలోమీటర్లే. కొట్టుకుపోయిన మురికి చేరేది త్రివేణి సంగమమని జనం తలమీద చల్లుకునే ఆ నీళ్లలోకే.

మరునాడు చూసిన రేవు ఇంతకంటే బాధపెట్టింది. పుష్కరాల రేవుల తరహాలో వెడల్పాటి సిమెంటు మెట్లు కట్టి, మెట్ల పైనే, నీటికి పట్టుమని ముప్పై అడుగులు లేని చోట మరుగుదొడ్ల గదులు నిలబెట్టారు. వాటికి తాళం. తాళంచెవి ఉన్నాయన ముప్పావు గంటకు వచ్చి మనిషికి 20 రూపాయలు తీసుకున్నాడు. లోపల చుక్క నీరు లేదు. మోకాళ్ల నొప్పులతో అంతసేపు నిలబడ్డ అత్తయ్యగారు ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నా భార్య మాత్రం గదుల వెనక్కి వెళ్లి, ఇంకుడు గుంతను ఇసుకలోనే తవ్వారని చూసి వచ్చింది. ఇసుక నేల మురుగును వడకట్టే లోపే కిందికి వదిలేస్తుంది. వరద వస్తే గుంత నిండి పైకి పొంగుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరిన నాటి వరదల్లో సిరోంచ తీర గ్రామాలు కూడా మునిగాయి. అది చూసిన చోట గట్టు మీద మరుగుదొడ్డి కట్టడం క్షమించరాని పని.

మెట్ల కోసం నరికిన ఏరుమద్ది చెట్ల మొదళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒడ్డు మట్టిని పట్టి ఉంచిన వేర్లు పోవడంతో, సిమెంటు ఆగిపోయిన చోట నీరు సుడి తిరిగి గట్టును లోపలికి కోసేసింది. చివరి మెట్టు కింద చెయ్యి పెడితే మోచేతి దాకా ఖాళీయే. పైన స్తంభానికి పెట్టిన పెద్ద లైటు వెలుగు రాత్రంతా ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ మీదే పడుతుంది. "ఎండకాలం ఆ దిబ్బ మీద తెల్ల పిట్టలు గుడ్లు పెడ్తుండె సారూ, లైటు పెట్టినంక వస్తలేవు" అని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చెప్పాడు. ఏటి ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టే టెర్న్ అనే నీటి పిట్టలకు కట్టిన గూడు ఉండదు. ఇసుకలో చిన్న గుంట చేసి, ఇసుక రంగులోనే ఉండే గుడ్లు పెడతాయి. వెలుగుకూ కుక్కలకూ మనుషుల కాళ్లకూ అవి ఇట్టే బలైపోతాయి.

ఎగువన, అహేరి దారి నుంచి లోపలికి వెళితే వచ్చే ఒక చిన్న పల్లె రేవు మా కోపాన్ని చల్లార్చింది. వాహనాలను రోడ్డు పక్క చింతల కిందే ఆపిస్తారు. మరుగుదొడ్లు కూడా అక్కడే, మెరక మీద, ఊరి వైపు ఉన్నాయి. మనిషికి 5 రూపాయలు, బకెట్టు నిండా నీళ్లు. అక్కడి నుంచి నదికి మొరం పరిచిన కాలిబాట, ఇరుకైన రాతి మెట్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి వెదురు తడికలు మాత్రమే ఉన్నాయి. తడికలను వానలకు ముందే విప్పి ఊళ్లోకి తెచ్చేస్తారట. చెట్టు ఒక్కటీ కొట్టలేదు, రాత్రికి దీపం లేదు. ఇదంతా బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్లు నడుపుతున్నారు. వాళ్లు 120 రూపాయలకు మోదుగాకు విస్తరిలో వేడి అన్నం, పుంటికూర పప్పు, చింతపులుసుతో వండిన ఏటి చేపలు వడ్డించారు. పులుసు రెండోసారి అడిగి వేయించుకున్న అత్తయ్యగారు, "ఇక్కడికే ముందు తీసుకొస్తే పోయేది కదయ్యా" అని నన్ను మందలించారు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి సంగమం చుట్టుపక్కల రేవుల పనులు జోరందుకుంటాయి. మరుగుదొడ్లు, పార్కింగు, దుకాణాలు, దీపాలు అన్నీ వరద గుర్తుకు పైన ఊరి వైపే ఉండాలని, ఒడ్డున విప్పి తీసేయగలిగినవే ఉండాలని ఆ తాలూకా అధికారులు ఇప్పుడే నిర్ణయించాలి. నడవలేని పెద్దవారి కోసం కాలిబాట వాలును ఇంకాస్త తగ్గించి, పట్టుకునే కర్రలతో వేస్తే ఆ పల్లె రేవుకు కూడా వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

సిరోంచ నుంచి అక్కడికి ఆటోకు రానుపోను 900 అడిగారు, 700కు ఒప్పుకున్నారు. భోజనం ముందురోజే చెప్పి ఉంచాలి. ఫిబ్రవరి నుంచి మే వరకు వెళ్లేవారు ఇసుక దిబ్బల మీదికి నడవకండి.