రూ.180 అడాప్టర్‌తో ఇంట్లో కారు ఛార్జింగ్ పెడుతున్నారా? ముందు ఇది చదవండి

ఎలక్ట్రిక్ కారు కొని అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. గోడకున్న చిన్న ప్లగ్‌లో పెద్ద పిన్ను పట్టడానికి 5 ఆంప్స్ నుంచి 15 ఆంప్స్ అడాప్టర్ అని ఒకటి అమ్ముతారు కదా, కారు ఛార్జింగ్ కోసం దాన్ని కొనకండి. ఇప్పటికే కొనుంటే ఈ రాత్రి పెట్టకండి.

మాది విజయవాడ, పోరంకి వైపు, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. ఇల్లు ఇరవయ్యేళ్ల కిందటిది, కారు పెట్టేచోట ఉన్నది ఒక్క చిన్న ప్లగ్. కారుతో ఇచ్చిన ఛార్జరుకేమో 15 ఆంప్స్ పిన్ను. పవర్ ప్లగ్ వేయించమని ఓనరుగారిని అడిగితే "ఎందుకు బాబూ, ఇదివరకు అద్దెకున్నాయన స్కూటర్ దానికే పెట్టుకునేవాడు" అన్నారు. స్కూటర్‌కీ కారుకీ ఎంత తేడా ఉంటుందో నాకూ అప్పుడు తట్టలేదు. ఆన్‌లైన్‌లో 180 రూపాయలకి దొరికింది, హెవీ డ్యూటీ అట, 16 ఆంప్స్ అట, కారుకి కూడా వాడొచ్చట. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో చూడలేదు, అది నా తప్పే.

రెండు వారాలు ఏమీ కాలేదు, ఎందుకంటే రోజూ గంటో రెండు గంటలో పెట్టి తీసేసేవాణ్ణి. మూడోవారం పొద్దున్నే రాజమండ్రి వెళ్లే పనుండి, బ్యాటరీ 20 శాతంలో ఉంటే రాత్రి పదకొండుకి పెట్టి పడుకున్నా. రెండింటికి మా అమ్మ లేపింది, "ఏదో కమురు వాసన వస్తోందిరా" అని. బయటికొచ్చి చూస్తే అడాప్టర్ కరిగి బోర్డుకి అతుక్కుపోయి ఉంది, గోడ మీద జానెడు నల్ల మసి. చేత్తో లాగబోయాను, అమ్మ కేకేసింది కాబట్టి సరిపోయింది, వెళ్లి మెయిన్ ఆపేశా.

ఇక్కడ ఒక్కటి గమనించండి: ఎంసీబీ, అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే స్విచ్, పడలేదు. అది ఉందిలే అన్న ధీమాతోనే నేను నిద్రపోయింది. మర్నాడు కరెంటు పని చేసే ఆయన వచ్చి బోర్డు విప్పి చెప్తేగానీ అర్థం కాలేదు. ఆ లైనుకున్నది 16 ఆంప్స్ ఎంసీబీ, కారు లాగేది 14, మరి అదెందుకు పడుతుంది? లోపల ఉన్నదేమో లైట్ల కోసం లాగిన సన్న వైరు, పైగా అడాప్టర్ పిన్ను సాకెట్‌లో వదులు. వదులుగా ఉన్నచోట 0.1 ఓమ్ అడ్డంకి ఉన్నా చాలు, 14 ఆంప్స్‌కి దాదాపు 20 వాట్ల వేడి పుడుతుంది, అంటే సోల్డరింగ్ ఐరన్‌ని తీసుకెళ్లి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రాత్రంతా ఆన్ చేసి ఉంచినట్టే. గీజర్ 9 ఆంప్స్ లాగినా పావుగంటలో ఆపేస్తాం, కారు అలా కాదు, 30 యూనిట్ల బ్యాటరీ 20 శాతం నుంచి నిండాలంటే ఎనిమిది గంటలు ఏకధాటిగా లాగుతుంది.

అసలు పెద్ద పిన్ను చిన్న ప్లగ్‌లో దూరకుండా చేసిందే ఇందుకు. చిన్నదాని పిన్ను 5 మిల్లీమీటర్ల మందం, పెద్దదానిది 7. దూరలేదంటే ఆ ప్లగ్ దీనికి సరిపోదని అర్థం. ఆ అడ్డు తీసేయడానికే నేను 180 పెట్టి కొనుక్కున్నా.

ఇంకో రకం కూడా ఉంది, అది ఇంతకంటే ఘోరం. ఎర్త్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు) సరిగ్గా లేని ఇళ్లలో ఛార్జరు ఎర్ర లైటు చూపించి ఆగిపోతుంది. దానికి విరుగుడని న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌నీ లోపలే కలిపేసిన పిన్ను అమ్ముతున్నారు, మా బావగారికి షాపతనే అంటగట్టబోయాడు. లైటు పచ్చగా మారుతుంది నిజమే, కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కరెంటు కారు బాడీకి వస్తుంది. పిల్లలు చెయ్యేసే కారు అది. ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

ఇప్పుడు మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల లావు రాగి వైరు లాగించి, 20 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), ఐఎస్ఐ మార్కున్న 16 ఆంప్స్ సాకెట్ వేయించా, ఎర్త్ కూడా కొత్తగా తీయించా. మొత్తం తొమ్మిది వేలు దాటింది. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కూడా ఇదే గొడవ కాబట్టి దాని జోలికీ పోకండి. పవర్ ప్లగ్ ఉన్నవాళ్లు కూడా ఛార్జింగ్ పెట్టిన అరగంటకి ఓసారి పిన్ను పైనున్న ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్విచ్ ఆపేసి సాకెట్ మార్పించండి. కరెంటు తగ్గించుకునే వీలు మీ ఛార్జరులో ఉంటే ఈలోపు తగ్గించి పెట్టుకోండి.

ఛార్జరు పిన్ను కాలిపోయింది కదా, వారంటీ అడిగితే బయటి అడాప్టర్ వాడారు కాబట్టి కుదరదన్నారు, కొత్తదానికి పద్దెనిమిది వేలు. అమ్మినవాడేమో ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందన్నాడు. ఫొటోలతో రివ్యూ పెట్టా, రెండు రోజుల్లో మాయమైంది. ఓనరుగారు గోడకి సున్నం నన్నే వేయించమంటున్నారు.